గీతల బాతులు, ఆదివారం కావలి

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖు. ఆయన గుర్రం మీద బీదరు దాకా పోయి వస్తుంటే దారిలో ప్రతి ఊరి పొలిమేర దగ్గరా పెద్దమనుషులు ఎదురు వచ్చి నిలబడేవారట. మా తాత పోలీసు పటేలు, శిస్తు వసూలు చూసే మాలీ పటేలు కూడా. రెండు పనులూ ఒకే ఇంట్లో ఉండటం తగదని ఎవరో అర్జీ పెట్టుకుంటే, ఆ అర్జీని చావడి ముందు చదివి వినిపించవలసిన మనిషి కూడా మా తాతే అయ్యాడు. మా నాన్నకు ఏ పదవీ లేదు. అయినా నారాయణఖేడ్‌లో తహశీలు కచేరీకి పోతే ఆయనకు కుర్చీ వేసేవారు. నేను పోతే వేయరు. ఇది ఫిర్యాదు కాదు. వరుసగా చెప్పుకుంటూ వచ్చాను కనుక నా వంతూ చెప్పాను.

మా ఇంటి మగవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. నలుగురు చూసే చోట నేల మీద కూర్చోకూడదు. కుర్చీ ఉంటే కుర్చీ, మంచం ఉంటే మంచం, రెండూ లేకపోతే నిలబడాలి. ఒక పెళ్లిలో బంతి భోజనానికి చాపలు పరిచారని మా నాన్న తినకుండా తిరిగి వచ్చాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆకలి దంచేస్తోంది. ఆయన నా వైపు చూడను కూడా లేదు. నేనూ తినలేదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తాత నుంచి నా దాకా వచ్చిన వస్తువుల్లో చెప్పుకోదగినవి రెండే. ఒకటి ఇత్తడి దుర్బీను. దాని ఎడమ కంటి అద్దం బూజు పట్టి తెల్లబడింది, కుడి కన్ను మాత్రం ఇప్పటికీ బాగా చూపిస్తుంది. రెండోది ఆయన బాతుల వేటకు వాడిన రెండు గొట్టాల తుపాకీ. 2001 వానాకాలంలో ఇంటి వెనక భాగం కూలింది. హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక దుకాణానికి ఆ తుపాకీని కాగితాలతో సహా ఇచ్చేసి, వచ్చిన దానితో గోడలు లేపించాను. ఈ సంగతి నాకూ నా భార్యకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు. తుపాకీని గుడ్డలో చుట్టి తీసుకుపోయి, దాని తోలు ఒరను మాత్రం దివాన్‌ఖానాలో ఎప్పటి మేకుకే ఉంచాను. తోలు ముడుచుకుపోకుండా లోపల ఒక వెదురు కర్ర పెట్టాను. గడపలోకి వచ్చిన వారి చూపు ముందుగా దాని మీదే పడేది. పడాలనే ఉంచాను.

ఇక నీళ్ల సంగతి. మంజీర మీద దిగువన ఆనకట్ట కట్టాక నీళ్లు వెనక్కి తన్ని మా నల్లరేగడి భూమిని ముంచాయి. నాన్న పరిహారం తీసుకున్నాడు, సంతకం పెట్టాడు. కాగితం ప్రకారం ఆ భూమి ఇప్పుడు సర్కారుది. కానీ కార్తీకం దాటాక నీళ్లు దిగడం మొదలవుతుంది. మార్గశిరం నుంచి మా చేను గట్లు, హద్దురాళ్లు, ఒడ్డు విరిగిన మా మోటబావి ఒక్కొక్కటిగా బయటపడతాయి. 2002 నుంచి ఏటా ఆ రోజుల్లో దుర్బీను మెడలో వేసుకుని అక్కడికి పోయేవాణ్ణి. పిట్టల కోసం కాదు. నా భూమి నీళ్లలోంచి లేవడం చూడాలని పోయేవాణ్ణి.

నీళ్లు దిగిన నేలను శికం అంటారు. అక్కడ సాగుకు ఒక పద్ధతి ఉంది. నీళ్లు వెనక్కి పోయినకొద్దీ ఆ తడిలోనే విత్తుకుంటూ పోతారు. ఈ వారం ఒక సాలు, వచ్చే వారం దాని కింద మరో సాలు. ఏడాదిలో సగం నెలలు నీళ్లలో ఉన్నా పాత హద్దురాళ్ల మాట ఎవరూ దాటరు. మా చేను ఉన్న చోట శనగ వేసుకునే ఆమె వయసులో నాకంటే కొంచెం పెద్దది. ఒడ్డున ఉన్న గూడెం ఆమెది. మిషను కాలం నుంచి క్రైస్తవులు. మా తాత వేటకు పోతే పడ్డ బాతుల్ని ఈది తెచ్చినవాడు ఆమె తండ్రి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్లయి హైదరాబాదులో మేస్త్రీల దగ్గర పని చేసుకుంటోంది.

ఏటా గట్టు తేలగానే ఆమె మా ఇంటికి వచ్చేది. గడప బయట నిలబడి ఒకే మాట అడిగేది.

"గట్టు తేలింది పటేలా. ఏసుకోనా?"

"ఏసుకో," అనేవాణ్ణి.

అంతే. ఆ భూమి ఇవ్వడానికి నాది కాదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆమె అడిగేది, నేను ఒప్పుకునేవాణ్ణి. ఆ మాటకు నేను ఎంత ఎదురుచూసేవాణ్ణో అప్పట్లో ఎవరైనా చెబితే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ నీళ్ల మీద చలికాలం పిట్టలు దిగేవి. హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్న పాత పిట్టల పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. దాని సాయంతో కొన్నిటిని పోల్చుకున్నాను. సూదిలాంటి తోక ఉన్న బాతులు, కాషాయరంగు జంట బాతులు, పొడుగు ఎర్రకాళ్ల ఉల్లంకులు. తెల్లటి పిట్టలు కొన్ని నీటి మీద చేప కోసం కొట్లాడుకునేవి. అవి సముద్రపు పిట్టలని, ఒడ్డు విడిచి ఇంత లోపలికి పెద్ద నీళ్లను వెతుక్కుంటూ వస్తాయని పుస్తకంలో ఉంది. నేను అప్పటికి సముద్రం చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. సముద్రపు పిట్టలే మా చేను మీదికి వచ్చాయి కనుక నాకు లోటు అనిపించలేదు.

అయితే దేన్నీ దగ్గరగా చూడలేకపోయాను. నేను గట్టు ఎక్కడమే ఆలస్యం, ఫర్లాంగు దూరంలో ఉన్నవి కూడా లేచిపోయేవి. దుర్బీను ఒంటికన్నులో వెనుదిరిగిన రెక్కలే కనిపించేవి. వాటి స్వభావమే అంత అనుకున్నాను.

2007లో మాఘమాసంలో ఒక సాయంత్రం ముగ్గురు మా ఇంటికి వచ్చారు. శనగ వేసే ఆమె, ఆమె మరిది, వాళ్ల చర్చి పెద్ద. ముగ్గురినీ దివాన్‌ఖానాలోకి రమ్మన్నాను. మగవాళ్లిద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆమె తలుపు పక్కన నిలబడింది. అలా పని మీద మా ఇంటికి మనుషులు వచ్చి చాలా ఏళ్లయింది. నేను కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

"పటేలా, బాతులు ఆగం జేస్తున్నయి," అన్నాడు మరిది.

"ఏ బాతులు?"

"గవే, నెత్తిమీద నల్లగీతలుంటయి సూడు, పెద్దయి. మూడు ఆదివారాల సంది గిదే కత. చర్చికి పోయి వచ్చేటాళ్లకు శనగ గొరిగినట్టయితుంది."

"ఆదివారమే ఎందుకొస్తయి?"

"ఆరు దినాలు మేం చేన్లనే ఉంటం గద. ఏడో దినం మొత్తం గూడెం చర్చిల ఉంటది. గవి సూసుకున్నయి."

"ఒకల్లు ఆగి కావలి ఉండరాదు?"

చర్చి పెద్ద తల అడ్డంగా ఊపాడు. "మా తాతలు మిషన్ దొరల ముందల మాటిచ్చిండ్రు పటేలా. ఆదివారం చేన్ల కాలు వెట్టమని. కావలి గూడ పనే. వేరేటోల్లు గాస్తె మాకు పాపం లేదు, గని మేం గాయొద్దు."

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. మాట ఇచ్చి నిలబెట్టుకునే మనుషుల ముందు నవ్వడం మా ఇంట్లో లేదు.

అప్పుడు ఆమె మాట్లాడింది. "అందరు ముందుగాల ఏసిండ్రు, కాయ వట్టింది. నాదే ఆలిశెం అయింది. ఇంక పచ్చి మీదనే ఉన్నది, గందుకే నా మీద వడ్డయి. ఇంకొక నెల ఆగితె చేతికొస్తది. గిది గూడ పోతె నేను పట్నం పోవాల్సిందే, బిడ్డ కాడికి. గాడ ఇటుకలు మొయ్యనీకి నా నడుం ఏడున్నది పటేలా?"

"నన్నేం చెయ్యమంటరు?"

మరిది గోడ మీది ఒర వైపు చూపించాడు. "మీ తాత తుపాకి ఉన్నది గద. ఒక్కటంటె ఒక్కటి పేల్చు. మల్ల ఇటు మొఖాన రావు."

"కానూను మారింది. పిట్టల మీద తుపాకీ ఎత్తితె జైలే," అన్నాను. అది నిజమే. నిజం కనుక దాని వెనక దాక్కోవచ్చు అనుకున్నాను.

"పిట్టల మీద ఎవలు పేల్చుమన్నరు. గాలిల పేల్చు."

"గాలిల పేల్చినా ఠాణాల జవాబు చెప్పాలె."

"నాకియ్యి మరి. జవాబు నేను చెప్పుకుంట," అంటూ అతను లేచి ఒర దగ్గరికి నడిచాడు. చెయ్యి చాపాడు. ఇంకొక జానెడు దూరం. ఆ చెయ్యి ఒరకు తగిలితే దాని బరువేమిటో తెలిసిపోతుంది. నేను కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను.

"కూసోరా," అంది ఆమె. గొంతు పెంచలేదు. "తుపాకి ఎందుకు. పటేలు నిలవడితె సాలు."

అతను వెనక్కి తిరిగాడు. "ఏంది?"

"రోజు సూస్తలేనా. మేం వంగి కలుపు తీస్తుంటె గా ఇసుక దిబ్బ మీదనే నిమ్మలంగ కూసుంటయి. పటేలు గట్టెక్కంగనె అన్ని లేస్తయి. గా తెల్లబట్టలు, గా నిటారు నిలవడుడు. తుపాకికి ఏం తక్కువ?" నా వైపు తిరిగింది. "ఆదివారం ఆదివారం వచ్చి నిలవడు పటేలా. గంతే. నీకు ఆదివారమొకటే, సోమవారమొకటే."

చర్చి పెద్ద ముసిముసిగా నవ్వాడు. మరిది పగలబడి నవ్వి, ఒర సంగతి మరిచిపోయి మళ్లీ బల్ల మీద కూలబడ్డాడు. నేను మాత్రం మండిపోయాను. మా ముత్తాత పేరు చెబితే పదకొండు ఊళ్లు లేచి నిలబడేవి. ఆయన మునిమనవణ్ణి శనగ చేనులో బెదురుబొమ్మగా నిలబడమని అడుగుతోంది, అదీ మా తాత కొట్టిన బాతుల్ని ఏరి తెచ్చినవాడి కూతురు. "చూస్త" అని ఒక్క మాట అని లోపలికి వచ్చేశాను.

వంటింట్లో నా భార్య అంతా విన్నది. నిప్పుల మీద రొట్టె తిప్పుతూ, "తాతలు ఊళ్లు గాసిండ్రు. ఇగ శనగ చేనొక్కటే మిగిలింది," అంది. రొట్టె దించి, "బెదురుబొమ్మకు ఆదివారం రొట్టె కట్టియ్యాల్నా?" అంది.

"కట్టు," అన్నాను. ఎందుకు అన్నానో చెప్పలేను. గోడ మీది ఒర మీదికి వెళ్లిన ఆ చెయ్యి కళ్ల ముందు మెదులుతోంది. ఆదివారం పోకపోతే వాళ్లు మళ్లీ తుపాకీ కోసం వస్తారన్న భయమే నన్ను ఒప్పించింది. దయ కాదు. ఉన్నదున్నట్టు రాయాలి కనుక రాస్తున్నాను.

మొదటి ఆదివారం తెల్లవారేసరికి గట్టు మీద ఉన్నాను. ఉతికిన ధోవతి, లాల్చీ. ఎదురుగా మోదుగుచెట్లు ఆకు రాల్చి పువ్వు పట్టాయి. నీళ్ల మీద పొగ లాంటి మంచు. గూడెంలో చర్చి గంట కొట్టారు, ఆ తర్వాత మనుషుల అలికిడి ఆగిపోయింది. కాసేపటికి నీళ్ల అవతలి నుంచి ముక్కుతో పిలిచినట్టు ఒక అరుపు, దాని వెనక పదుల గొంతులు. గీతల బాతులు వరుస కట్టి వస్తున్నాయి. సూటిగా ఆమె మడి వైపే. ఆరు దినాలు ఆగి ఏడో దినం వస్తున్నాయంటే నమ్మలేదు కానీ, వాటి రాకలో ఏ తడబాటూ లేదు. చేను మీదికి వచ్చి రెక్కలు దించబోయి, నన్ను చూశాయి. వరుస చెదిరింది. ఒక చుట్టు చుట్టి, అరుచుకుంటూ నీళ్ల మధ్యకు పోయాయి. మా ముత్తాతకు ఊళ్లు ఎదురొచ్చేవి. నాకు బాతులు ఎదురొచ్చాయి, అవీ నన్ను చూసి వెనక్కి తిరిగాయి.

నేను కదలలేదు. ఆ పూట ఇంకో రెండుసార్లు వచ్చి చూసుకుని పోయాయి.

నాగల్‌గిద్ద వైపు నుంచి బండి మీద వస్తున్న ఒకతను గట్టు కింద ఆపాడు. కందులు కొనే బేరగాడు, ముఖపరిచయం ఉన్నవాడు. "ఏం పటేలా, భూమి నీళ్లల్ల పోయినా కావలి గాస్తున్నవా?" అన్నాడు. 

"నీళ్లు మల్ల ఇచ్చిపోతయి. మనుషులే ఇయ్యరు," అన్నాను. అతను బండి తీసుకుని పోయాడు. ఆ జవాబు చాలాసేపు నాకే నచ్చింది.

చర్చి వదిలాక ఆమె తెల్లచీరలో గట్టు దాకా వచ్చి, చేనులో కాలు పెట్టకుండా అంచు నుంచే పైరును అటూ ఇటూ చూసింది. ఒక్క మొక్క తెగలేదు. "దండం పటేలా," అని పోయింది.

రెండో ఆదివారం అలాగే గడిచింది. మూడో ఆదివారం నా నడుము ఎదురు తిరిగింది. అయిదు గంటలు నిలబడ్డాక మోకాళ్లలో వణుకు మొదలైంది. కుర్చీ తెచ్చుకోవచ్చు. కానీ కుర్చీ నెత్తిన పెట్టుకుని ఊరి మధ్య నుంచి నడిచే మనిషిని కాను. మోసేందుకు ఎవరూ లేరు. అందుకని నిలబడే ఉన్నాను. ఇంకెవరైనా అయితే మొదటి గంటలోనే గట్టు మీద చతికిలబడేవారని తెలుసు.

ఆమె చర్చి నుంచి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"మొఖమట్ల తెల్లగైంది ఏంది? కూసో."

"ఏం గాలె."

"కూసో పటేలా. చేన్ల మనుషులున్నరని ఎరుకైతె సాలు, శనగ మీదికి రావు. కూసున్నోల్లకు బెదరవు గూడ. గా దిబ్బ మీద వాల్తయి."

"మా ఇంట్ల నేల మీద కూసోరు," అన్నాను. ఆ మాట అంతకు ముందు ఎవరితోనూ పైకి అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవలు చెప్పిండ్రు?"

"మా తాత నుంచి వచ్చింది."

"మీ తాతనా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. "మీ తాత గీ మంజీర బురదల్నే బోర్ల పండుకుంటుండె పటేలా. కడుపు మీద పాక్కుంట పోతుండె, పాము లెక్క. మా నాయిన ఎనకాల పాక్కుంట పోతుండె. లేకుంటె బాతులు దగ్గరికి రానిస్తయా? ఇంటికి పొయ్యేటప్పుడు గీ వాగుల తానం జేసి, ఇస్త్రీ బట్టలు ఏసుకొని, గప్పుడు గుర్రమెక్కుతుండె. ఊరోల్లకు గుర్రం మీదనే కనవడుతుండె. బురదల మా నాయిన ఒక్కడే సూసిండు."

నేను నీళ్ల వైపు చూశాను. చిన్నప్పుడు తాత వేట నుంచి వచ్చినప్పుడు ఆయన ధోవతి అంచు కూడా నలిగి ఉండేది కాదు. అది ఆయన గొప్ప అని మా నాన్న చెప్పేవాడు. ఆకలితో నడిచి వచ్చిన ఆ పెళ్లిరోజు గుర్తొచ్చింది.

కూర్చున్నాను. గట్టు మీద, ఎండిన మట్టి మీద, ధోవతితో. ఏమీ జరగలేదు. ఆమె కొంచెం దూరంలో కూర్చుంది. "మాట్లాడకు," అంది. మా ఇంట్లో నాతో ఎవరూ అనని మాట అది.

పావుగంట పట్టింది. ముందు ఉల్లంకులు వచ్చాయి, ఎర్రకాళ్లు అద్దంలో పెట్టినట్టు నీళ్లలో కనిపించాయి. ఆ తర్వాత గీతల బాతులు. దిబ్బ మీద నలభై అడుగుల దూరంలో దిగాయి. దుర్బీను కుడికన్ను పెట్టాను. తెల్లటి తల, దాని వెనక అడ్డంగా రెండు నల్లగీతలు, ఎవరో మసిబొగ్గుతో గీసినట్టు. పసుపు ముక్కు. మెడ కింది నుంచి రెండు వైపులా తెల్లటి చార. ఒకటి రెక్క సాచి ఈకలు సవరించుకుంటోంది. ఇంకొకటి ఒంటికాలి మీద నిలబడి కన్ను మూసింది. ఫాల్గుణం వస్తే ఇవి హిమాలయాలు దాటి అవతలికి పోతాయని పుస్తకంలో ఉంది. అంత దూరం పోవలసిన జీవి నా ఎదుట కునుకు తీస్తోంది.

నీటి అంచున సముద్రపు పిట్టలు వాలాయి. చలికాలం అంతా తెల్లగా ఉన్న వాటి తలలకు కొత్తగా ముదురు గోధుమరంగు పట్టింది. కొన్నిటికి సగం, కొన్నిటికి పూర్తిగా, టోపీ పెట్టుకున్నట్టు. అయిదేళ్లుగా ఏటా వచ్చినా ఆ రంగు మారడం నాకు తెలియదు. అయిదేళ్లు వాటి వీపులే చూశాను.

దుర్బీను ఆమెకు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గీతలు రెండున్నయి. నేను ఒకటే అనుకున్న," అంది. నాకు తిరిగి ఇచ్చింది.

ఆ ఏడాది బాతులు హోళీకి కొద్ది రోజుల ముందు వెళ్లిపోయాయి. ఒక సాయంత్రం పెద్ద అరుపు, వరుసలు ఉత్తరంగా సాగడం, అంతే. మరునాడు దిబ్బ ఖాళీ. ఆ తర్వాతి వారం ఆమె శనగ కోసింది. మూడు ఆదివారాల్లో పోయిన దిగువ అంచు తప్ప మిగతా అంతా చేతికొచ్చింది. పట్నం పోలేదు. ఆ తర్వాత ఏ ఏడూ పోలేదు.

కోత అయ్యాక మా ఇంటికి వచ్చింది. ఒడిలో కాల్చిన శనగకాయలు, మసి అంటి ఇంకా వెచ్చగా ఉన్నాయి. నా భార్య చాట తెచ్చి పట్టుకుంది. మధ్యాహ్నపు ఎండ, దివాన్‌ఖానాలో పంఖా తిరుగుతోంది. నా భార్య లోపలికి పోగానే ఆమె గోడ మీది ఒర వైపు చూసి మెల్లగా అంది.

"గా పంఖ తిరిగేటప్పుడు దాన్ని ఇంకో మేకుకు ఎయ్యి పటేలా."

"ఎందుకు?"

"ఊగుతుంది. తుపాకి ఉన్న ఒర ఊగదు. మా నాయిన మోసిండు గద, బరువుంటె సక్కగ యాలాడుతది అంటుండె. నాలుగైదేండ్ల సంది సూస్తున్న."

ఒర నిజంగానే ఊగుతోంది. ఏళ్ల తరబడి దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

అప్పుడు నాకు ఆ ముగ్గురూ వచ్చిన సాయంత్రం అంతా వేరే వరుసలో కనిపించింది. మరిది చెయ్యి చాపినప్పుడు ఆమె "కూసోరా" అన్నది బాతుల కోసం కాదు. అతని చెయ్యి ఒరకు తగలకుండా అన్నది. నన్ను బెదురుబొమ్మ చేసిందని రాత్రంతా కుమిలాను. ఆమె అందరి ముందు నన్ను నవ్వులపాలు కాకుండా కాపాడి, నా నిటారుతనాన్నే తుపాకీ అని చెప్పి వాళ్లను నమ్మించింది. తన పంట పోయే ఆపదలో ఉండి కూడా ఆ మాట అంది. నేను రాకపోతే నష్టం ఆమెదే.

"ఎవలికన్న చెప్పినవా?" అన్నాను.

"ఏం చెప్పాలె? తుపాకి మీది. మీరు అమ్ముకుంటరో, దాసుకుంటరో. నాకేం పని?" లేచి కొంగు దులుపుకుంది. "వచ్చే యాడాది గూడ వస్తవు గద, ఆదివారాలు?"

"వస్త," అన్నాను. కృతజ్ఞత చెప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మా వాళ్లు ఇచ్చేవారు, ఎదుటివారు చెప్పేవారు. అందుకని ఆ రోజు ఇంకేమీ అనలేకపోయాను. అనవలసింది ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత ఏడేళ్లు, 2014లో నా మోకాళ్లు మొరాయించే దాకా, మాఘ ఫాల్గుణాల్లో ఒక్క ఆదివారమూ తప్పలేదు. తెల్లవారి బాతులు వచ్చే వేళకు లేచి నిలబడేవాణ్ణి. అవి చుట్టు తిరిగి పోయాక కూర్చునేవాణ్ణి. రెండు పనులూ నావే అయ్యాయి. గూడెం వాళ్లు చర్చికి పోతూ, "పటేలు వచ్చిండా?" అని ఒకరినొకరు అడగడం వినేవాణ్ణి. ఎప్పుడైనా నేను వచ్చానా లేదా అని ఒక ఊరు అడిగిందంటే అది ఆ ఏడేళ్లే. ఆమె మాత్రం ప్రతి ఏడూ గట్టు తేలగానే గడప ముందు నిలబడి అదే మాట అడిగేది. 2007 తర్వాత, "ఏసుకో" అనే ముందు, ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేసేవాణ్ణి. మొదటిసారి కూర్చోలేదు. రెండో ఏడు కూర్చుంది.

ఒరలోని వెదురు కర్ర నాకు పనికొచ్చింది. గట్టు మీద నేల నుంచి లేవాలంటే నా వయసుకు ఊతం కావాలి. ఒరను ఆ ఎండాకాలంలోనే, 2007లో, నారాయణఖేడ్ అంగడిలో చెప్పులు కుట్టే అతనికి అమ్మేశాను.